వానలో స్కీయింగ్: వెళ్ళాలా, మానాలా?

జూన్ రెండో సోమవారం, అంటే రాజుగారి పుట్టినరోజు సెలవు వచ్చిందంటే విక్టోరియాలో మంచు కొండల సీజను మొదలైనట్లే. అప్పటి నుండి మన తెలుగు బడి ఆవరణలో అక్షరాల కన్నా స్కీ బూట్ల కబుర్లే ఎక్కువ వినపడతాయి! వెర్రిబీ నుండి మౌంట్ బులర్‌కి దాదాపు నాలుగు గంటల ప్రయాణం. పిల్లల పాఠాలకు, అద్దె బట్టలకు, లిఫ్టు టిక్కెట్లకు నెల ముందే డబ్బు కట్టేస్తాం. తీరా శుక్రవారం సాయంత్రం వాతావరణ సూచన చూస్తే, ఆదివారం వాన! ఇక ఇంట్లో రెండు పక్షాలు. "కట్టిన డబ్బు నీళ్ళపాలు చేస్తామా?" అని నాన్నగారు, "పసివాళ్ళు తడిసి జ్వరం తెచ్చుకుంటారు" అని ఊరి నుండి వచ్చిన అమ్మమ్మగారు.

ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది, కొంత లేదు. అసలు సంగతి ఏమిటో చూద్దాం.

ముందుగా, వెర్రిబీలో వాన పడితే కొండ మీద కూడా వానే పడాలని లేదు. ఎత్తుకి పోయే కొద్దీ ప్రతి వెయ్యి మీటర్లకు సుమారు ఆరున్నర డిగ్రీల చొప్పున చలి పెరుగుతుంది. మనం ఉన్నది సముద్ర మట్టానికి దగ్గరగా. బులర్ గ్రామం సుమారు 1,600 మీటర్ల ఎత్తున, దాని శిఖరం 1,805 మీటర్ల ఎత్తున ఉన్నాయి. కాబట్టి ఇక్కడి ఉష్ణోగ్రతలోంచి పది తీసెయ్యండి. మన పెరట్లో 9 డిగ్రీలతో వాన పడుతుంటే అక్కడ మంచు కురుస్తూ ఉండవచ్చు. ఇక్కడ 14 అయితే అక్కడ 4, అంటే అచ్చమైన వాన. పిల్లలూ, ఈ లెక్క మీరే వేసి అమ్మకు చెప్పవచ్చు! ఇది అంచనా మాత్రమే సుమా. వాతావరణ శాఖ వారి సూచనలో మంచు ఎన్ని మీటర్ల పైన పడుతుందో చెప్పే మాట ఒకటి ఉంటుంది. వాన శాతం కన్నా ఆ అంకెను చూడటం ముఖ్యం.

రెండవది, గాలి వచ్చే దిక్కు. చలిగాలుల వరుస రాబోయే ముందు వాయవ్యం నుండి కాస్త వెచ్చని, తడి గాలి వీస్తుంది; కొండ మీద వాన తెచ్చేది సాధారణంగా అదే. వరుస దాటిపోయాక గాలి నైరుతికి తిరుగుతుంది, చలి దిగుతుంది, వాన మంచుగా మారుతుంది. అందుకే పొద్దున్న వానలో మొదలైన రోజు మధ్యాహ్నానికి చక్కని మంచు రోజు కావచ్చు.

"వాన పడితే మంచంతా కరిగిపోదా?" అని చాలామంది అడుగుతారు. ఆశ్చర్యం ఏమిటంటే, వాన నీటికి అంత బలం లేదు. 5 డిగ్రీల వెచ్చదనం ఉన్న వాన నీరు 16 లీటర్లు పోస్తే కరిగేది ఒకే ఒక్క కిలో మంచు. అసలు దొంగ తడి గాలి! గాలిలోని నీటి ఆవిరి చల్లని మంచును తాకి నీరుగా మారేటప్పుడు తనలో దాచుకున్న వేడినంతా వదిలేస్తుంది. ఒక కిలో ఆవిరి ఏడు కిలోలకు పైగా మంచును కరిగించగలదు. కనుక వెచ్చని ఈదర గాలి రాత్రంతా వీచిందంటే మంచుకు ముప్పే గాని, ఒక జల్లు పడిందని కంగారు పడనక్కరలేదు.

ఇక స్కీ సంగతి. వానకు తడిసిన మంచు మెత్తబడి, బరువెక్కి, స్కీలను కాస్త పట్టుకుంటుంది. ఆరితేరిన వారికి ఇది చిరాకు. కాని మొదటిసారి నేర్చుకునే మన పిల్లలకు వేగం తగ్గడం మేలే. పడినా దెబ్బ తక్కువ. బులర్ మీద బర్క్ స్ట్రీట్ అనే నేర్చుకునేవారి వాలు ఉంది (నగరంలోని వీధి పేరే!). వాన రోజున అక్కడ జనం పలచగా ఉంటారు, లిఫ్టు వరుసలో నిలబడే సమయం ఆదా అవుతుంది. మా దృష్టిలో వాన రోజు కన్నా కష్టమైనది, వాన వెలిసి రాత్రి గడ్డకట్టిన మర్నాటి ఉదయం. ఎండ కాస్తుంది, ఫోటోలు బాగా వస్తాయి, కాలి కింద మాత్రం గాజు పలక.

అలాగని ప్రతి వానకూ వెళ్ళమని కాదు. మన భాషలో మంచుకు పేదరికం ఉంది. పొగమంచుకూ, గడ్డి మీది మంచుకూ, ఈ కొండల మీది మంచుకూ ఒకటే మాట సరిపెట్టుకుంటాం. లంబసింగిని ఆంధ్రా కాశ్మీర్ అన్నా అక్కడ మనం చూసేది పొగమంచే కదా! వానకు మాత్రం కొదవ లేదు: తుంపర, జల్లు, ముసురు, జడివాన, కుండపోత. తుంపర, జల్లు అయితే నిశ్చింతగా బయలుదేరవచ్చు. ముసురు అయితే, పాఠం బుక్ చేసుకున్నవారు వెళ్ళవచ్చు, ఊరికే చూసి వద్దామనుకునేవారు ఆగడం మంచిది. జడివానకు గాలి తోడైతే చెయిర్‌లిఫ్టులు ఆపేస్తారు, పొగమంచులో పది అడుగుల దూరం కనపడదు. ఆ రోజు నాలుగు గంటలు వెళ్ళి, తడిసి, చీకట్లో వంకర కొండ దారిలో నాలుగు గంటలు తిరిగి రావడానికి, కట్టిన డబ్బు కారణం కాకూడదు. అది వెళ్ళినా తిరిగి రాదు, మానినా రాదు. తేదీ మార్చుకునే వీలు ఉందో లేదో కట్టక ముందే అడిగి తెలుసుకోండి.

టొబాగన్ మీద జారడానికి మాత్రమే వెళ్ళేవారి లెక్క వేరు. మనకు దగ్గరైన లేక్ మౌంటెన్ సుమారు 1,430 మీటర్లు, డోనా బువాంగ్ 1,250 మీటర్లు. ఎత్తు తక్కువ కావడం వల్ల బులర్‌లో మంచు పడే రోజున కూడా అక్కడ వాన పడవచ్చు. వానలో టొబాగన్ అంటే నీటి గుంటలో కూర్చోవడమే. మానేయమనే మా సలహా.

అమ్మమ్మగారి జ్వరం మాటకు వస్తే, జ్వరం తెచ్చేది వైరస్ గాని వాన కాదు. అయితే ఆమె భయం ఉత్తది కాదు. నీరు గాలి కన్నా సుమారు 25 రెట్లు ఎక్కువగా ఒంటి వేడిని లాగేస్తుంది. జీన్స్, నూలు బనీను తడిస్తే ఆరవు. లోపల ఉన్ని గాని పాలియెస్టర్ గాని, పైన నీరు చొరని కోటు, ప్యాంటు వేయాలి. చేతి తొడుగులు రెండు జతలు ఉండాలి, మొదటి జత గంటలో తడిసిపోతుంది. కారులో తలా ఒక జత పొడి బట్టలు, మేజోళ్ళతో సహా. పిల్లవాడు వణుకుతూ, మాట తడబడుతూ ఉంటే "ఇంకొక్క రౌండు" అనకుండా వెంటనే లోపలికి తీసుకుపోయి తడి బట్టలు మార్చండి. చక్రాలకు కట్టే గొలుసులు మాన్స్‌ఫీల్డ్‌లోనే అద్దెకు తీసుకోండి. కింద వాన పడుతోందని వాటిని వదిలేస్తే పైన మంచు పలకరిస్తుంది. ఫ్లాస్కులో మిరియాల చారు, డబ్బాలో పులిహోర ఉంటే కొండ మీది హోటలు ఖర్చు కూడా తగ్గుతుంది.

పిల్లలూ, ఈసారి బయలుదేరే రోజు పొద్దున్నే సూచన చదివి, వచ్చేది తుంపరో ముసురో జడివానో తెలుగులో మీరే ప్రకటించండి. జడివాన అని మీరు చెప్పాక కూడా నాన్నగారు కారు తాళాలు తీస్తే, ఈ పేజీ చూపించండి.