జామాయిల్ వేయమంటావా అప్పా? – పత్తి కట్టె, కాగితం, మన నేల

పై వీడియోలో గట్టు అవతల పొగ కనిపిస్తోంది కదా, అది మా పక్క చేనే. ఫిబ్రవరి, మార్చిలో ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు సాయంత్రం పూట బండి మీద వస్తే రోడ్డుకు రెండు పక్కలా అదే పొగ. పత్తి ఆఖరి తీత అయిపోగానే కట్టె పీకి, కుప్పేసి, అగ్గి పెట్టేస్తారు.

ఆ రోజు కెమెరా ఆపినాక ఆ చేను మా చిన్నాయన ఒక మాట అడిగినాడు. "ఏమప్పా, పై ఎర్రనేల నాలుగెకరాల్లో జామాయిల్ వేస్తే ఎట్లుంటాది? కాగితం మిల్లోళ్లు కొంటారంట. నాలుగేండ్లు దాని జోలికి పోయే పన్లే."

ఆయన అడగడంలో తప్పేం లేదు. కొడుకు, కోడలు ఏటా మిరపకాయ కోతకు గుంటూరు పక్కకు పోతారు. ఇంట్లో మిగిలేది ముసలాళ్లిద్దరూ, రెండు ఎద్దులు. కూలీలు దొరకరు. అట్లాంటి మనిషికి చెట్ల పంట ఆశ పుట్టిస్తుంది. పైగా నాకు వెంటనే "వద్దు" అనే హక్కు ఉందా అనిపించింది. మన కొర్రలు, గానుగ నూనె పంపేది కాగితం సంచుల్లో, అట్టపెట్టెల్లోనే. "ప్లాస్టిక్ లేదు" అని గొప్పగా రాసుకుంటాం. ఆ కాగితం ఎక్కడి నుంచి వస్తుందో నేనెప్పుడూ సరిగా చూడలేదు. అందుకే చిన్నాయనకు జవాబు చెప్పడానికి వారం గడువు అడిగినా.

మనం వాడే గోధుమ రంగు సంచుల్లో ఎక్కువ భాగం పాత అట్టలు, పాత కాగితం నానబెట్టి మళ్లీ చేసినవే. మంచిదే. కానీ పీచు నానబెట్టిన ప్రతిసారీ పొట్టిదవుతుంది, ఐదారు సార్లయ్యాక దాంట్లో సత్తువ ఉండదు. ఎక్కడో ఒకచోట కొత్త పీచు కలపాల్సిందే. ఆ కొత్త పీచు ఒకప్పుడు అడవి వెదురు నుంచి వచ్చేది. రాజమండ్రి, కాగజ్‌నగర్ మిల్లులు అట్లా నడిచినవే. పక్కన కర్ణాటకలో మాధవ్ గాడ్గిల్ అనే శాస్త్రవేత్త ఈ వెదురు సంగతే తవ్వి తీసినాడు. దండేలి మిల్లుకు 1958లో టన్ను వెదురు రూపాయిన్నరకు ఇచ్చినారట. బజారులో ధర దానికి ఎన్నో రెట్లు.

ధర కంటే నన్ను ఆపిన సంగతి ఇంకొకటి ఉంది. వెదురు పొద మొదట్లో ముళ్లకంప అల్లుకుని ఉంటుంది. కోత సులభమవుతుందని మిల్లు కూలీలు దాన్ని శుభ్రంగా నరికేసేవాళ్లు. అడవి పక్క ఊరోళ్లు మాత్రం ఆ ముళ్లు తీయరు. ఎందుకంటే లేత పిలకలకు అదే కంచె. కంప పోగానే పశువులు పిలకలు మేసేసినాయి, పొదలు చచ్చినాయి. చదువుకున్నోళ్లకు తట్టని సంగతి ఊరోళ్లకు తెలుసు. మన చేన్లలో "కలుపు" అంటూ అన్నీ చెక్కేసేవాళ్లకు ఈ కథ చెప్పాలి.

1988 జాతీయ అటవీ విధానం వచ్చినాక సర్కారు మాట మారింది. మిల్లులకు అడవి కలపను చవగ్గా ఇవ్వకూడదు, కావాల్సిన కట్టెను రైతుల దగ్గర పెంచుకోవాలి అని రాసినారు. ఆ దారిలోనే భద్రాచలం క్లోన్ జామాయిల్, కృష్ణా, గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో సుబాబుల్, కోస్తాలో సరుగుడు వచ్చినాయి. దీన్ని తీసిపారేయలేం. అడవి మీద ఒత్తిడి తగ్గింది, వానాధారం రైతుకు ఒక పంట దొరికింది. అయితే ప్రకాశం రైతులు సుబాబుల్ ధర కోసం రోడ్డెక్కింది కూడా ఈ దారిలోనే. కొనేది ఒకరిద్దరే అయినప్పుడు ధర ఎవరి చేతిలో ఉంటుందో పత్తి రైతుకు చెప్పే పని లేదు.

మన పడమటి సంగతికొస్తే లెక్క ఇంకా తేడా. ఆదోని నుంచి రాజమండ్రి ఐదు వందల కిలోమీటర్ల పైనే. పచ్చి కట్టె నరికిన రోజు నుంచే ఆరుతూ బరువు తగ్గుతుంది, లారీ బాడుగ మాత్రం తగ్గదు. ఏడు వందల మిల్లీమీటర్లు కూడా దాటని వాన మనది. జామాయిల్ వేరు లోతుకు పోయి తన దారి తాను చూసుకుంటుంది, పక్క చేనుకు, కింద బోరుకు మిగిలేదెంత అన్నదే ప్రశ్న. 2017లో కర్ణాటక ప్రభుత్వం కొత్తగా నీలగిరి నాటొద్దని నిషేధం పెట్టింది. మన గట్టు దాటితే బళ్లారి, గుర్తుపెట్టుకోండి. ఒకసారి వేసినాక మళ్లీ కొర్ర వేయాలంటే మొద్దులు పెకలించడానికి జేసీబీ పెట్టాలి. నాలుగేండ్లు పన్లేకుండా ఉన్నదంతా ఆ రెండు రోజుల్లో కట్టాల్సి వస్తుంది.

మరి పీచు మన దగ్గరే లేదా? ఉంది. కాల్చేస్తున్నాం.

పత్తి కట్టెలో పీచు జామాయిల్ పీచు మాదిరే పొట్టిది, కాగితానికి పనికొస్తుంది. ముంబైలోని కేంద్ర పత్తి సాంకేతిక పరిశోధన సంస్థ, సిర్కాట్ అంటారు, ఈ కట్టెతో పార్టికల్ బోర్డు చేసే పద్ధతి కూడా తయారు చేసింది. అయితే "ఆదోనిలో పత్తి కట్టె కాగితం మిల్లు రావాలి" అని నేను అనడం లేదు. కట్టెలో పీచును పట్టి ఉంచే జిగురు ఒకటుంది, లిగ్నిన్. కాస్టిక్‌లో ఉడికిస్తేనే అది వదులుతుంది. కట్టె బరువులో సగం అటూ ఇటూ పీచుగా మిగులుతుంది, మిగతాది నల్లటి ద్రావణమై బయటికొస్తుంది. పెద్ద మిల్లులు దాన్ని చిక్కబరిచి, బాయిలర్‌లో మండించి, కాస్టిక్ తిరిగి రాబట్టుకుంటాయి. ఆ యంత్రం చిన్న మిల్లుకు అందదు. గడ్డి, చెరుకు పిప్పి వాడే చిన్న మిల్లులు దేశమంతా నదులను నల్లగా చేసింది అందుకే. తుంగభద్ర దిగువ కాలువ నీళ్ల కోసం ఆఖరి ఆయకట్టులో ఎదురుచూసేవాళ్లం, మనకు ఆ సంబరం వద్దు.

పత్తి దూదికి ఈ తలనొప్పి లేదు. దూదిలో లిగ్నిన్ దాదాపు ఉండదు, అంతా సెల్యులోజే. అందుకే గుడ్డ ముక్కలను నానబెట్టి, దంచి, జల్లెడ మీద ఎత్తితే కాగితం అవుతుంది. మన జేబులో ఉండే రూపాయి నోటు కూడా పత్తి కాగితమే. జైపూర్ దగ్గర సాంగానేర్‌లో కుమారప్ప పేరు మీద చేతి కాగితం సంస్థ ఉంది, అక్కడి కాగితమంతా ఎక్కువగా నూలు గుడ్డ ముక్కలదే. మాచాని సోమప్ప గారు 1938లో చేనేత సహకార సంఘం పెట్టిన ఎమ్మిగనూరు మనది. గుడ్డ ముక్కకు కరువా?

నేనూ ఒక ప్రయత్నం చేసినా. టైలర్ల దగ్గర రెండు మూటల ముక్కలు తెచ్చి, వారం నానబెట్టి దంచినాం. సగం ముక్కలు పాలిస్టర్ కలిసినవి, ఎంత దంచినా దారాలు దారాలుగానే మిగిలినాయి. కాటన్ ఏరుకున్నాక వచ్చినవి నూట యాభై చీటీలు. ఇప్పుడు నూనె సీసాల మెడకు కట్టేవి అవే. సంచులకు పనికిరావు, ఖర్చెక్కువ. కాగితం సంచిలో కొర్రలు పంపి వానాకాలంలో చెమ్మ పట్టి, పురుగు పడి, పదకొండు ప్యాకెట్లు వెనక్కి తీసుకున్నా. అప్పటి నుంచి ఊర్లో, ఆదోనిలో అమ్మేవి గుడ్డ సంచిలో ఇచ్చి, సంచి తిరిగిస్తే పది రూపాయలు తగ్గిస్తున్నాం. దూరం పోయేవాటికే పెట్టె.

ఇక కట్టె. ముందు హక్కు నేలదే. ఆఖరి తీత కాగానే చేన్లో గొర్రెల మంద తోలండి, మిగిలిన కాయలు మేస్తాయి, గులాబీ పురుగు సగం అక్కడే పోతుంది. కట్టెను గట్టున కుప్పేసి దాచొద్దు, పురుగు దాక్కునేది ఆ ఎండు కాయల్లోనే. ట్రాక్టర్ ష్రెడర్‌తో ముక్కలు కొట్టించి పైన ఆచ్ఛాదనగా వదిలేయండి. మొదటి ఏడాది నేను చేసిన తప్పు మీరు చేయొద్దు. ముక్కలను దున్ని మట్టిలో కలిపి వెంటనే జొన్న వేసినా, పైరు పసుపు పచ్చగా తిరిగింది. కట్టె కుళ్లడానికి నేలలో నత్రజనిని అదే లాక్కుంటుంది. పైనే ఉంచి, ఘనజీవామృతం చల్లి, వానకు ముందు నవధాన్యాలు వేస్తే ఆ బాధ ఉండదు.

వారం తర్వాత ఇదంతా చిన్నాయనకు చెప్పినా. బీడీ ఆరిపోయేదాకా విన్నాడు. "ష్రెడర్‌కు గంటకెంత?" అన్నాడు. చెప్పినా. "అగ్గిపెట్టె రెండు రూపాయలే కదప్పా" అన్నాడు. నిజమే, దానికి నా దగ్గర జవాబు లేదు. చివరికి ఇద్దరం చెరి సగం పెట్టుకుని, ఆయన రెండెకరాలు, నా మూడెకరాలు ఒకే రోజు కొట్టించినాం, వీడియో చివర్లో చూస్తారు. జామాయిల్ సంగతి మాత్రం ఇంకా తేలలేదు. కొడుకు గుంటూరు నుంచి ఉగాదికి వస్తాడు, వానితో మాట్లాడి చెప్తానన్నాడు.