రొద చేయని కంప్యూటరు

విడిభాగాలు కొని ఇంట్లోనే కంప్యూటరు కూర్చుకోదలచినవారు ముందు అడిగేది వేగాన్ని గురించి. రొద సంగతి ఎవరికీ పట్టదు. నాకు మాత్రం అదే ముఖ్యం. రాత్రిళ్లు నేను పాఠాలు రాసుకునే గదిలోనే మా అమ్మ పడుకుంటుంది. చీమ చిటుక్కుమన్నా ఆమెకు మెలకువ వస్తుంది.

రొదకు మూలం వేడి. వేడి పెరిగినకొద్దీ ఫ్యాను వేగంగా తిరగాలి, తిరిగితే అరుస్తుంది. అందుచేత గ్రాఫిక్స్ తనలోనే ఉన్న 65 వాట్ల ప్రాసెసరును ఎంచుకున్నాను. విడిగా గ్రాఫిక్స్ కార్డు అక్కరలేదు గనుక దాని ఖరీదూ తప్పింది, దాని ఫ్యానూ తప్పింది. గిరగిర తిరిగే హార్డ్ డిస్కుకు బదులు ఎస్.ఎస్.డి. పెట్టాను, అందులో కదిలే భాగమే లేదు. 80 మిల్లీమీటర్ల ఫ్యాను హోరెత్తి తోసే గాలిని 120 మిల్లీమీటర్ల ఫ్యాను నెమ్మదిగా తిరుగుతూనే తోస్తుంది. పెట్టె ముందుభాగం గాలి ఆడేట్లు జల్లెడవలె ఉండాలి.

ఇలా మిగిలిన డబ్బు మంచి పవర్ సప్లైకి పెట్టాను. పొదుపు పనికిరాని చోటు అదొక్కటే. నాసిరకం పవర్ సప్లై చెడితే తక్కిన భాగాలనూ పాడుచేయవచ్చు.

చివరగా ఒక మాట. ఫ్యాను ఎంత వేడికి ఎంత వేగంతో తిరగాలో చాలా మదర్‌బోర్డుల బయాస్‌లో మనమే నిర్ణయించవచ్చు. దానికి పైసా ఖర్చు లేదు.