నెల ముందే తుఫాను డేట్ చెప్పొచ్చా? అసలు లెక్క ఇదీ..

"వచ్చే నెల ఫలానా తేదీన తుఫాను తీరం దాటుతుంది".. ఇలాంటి వాట్సాప్ ఫార్వర్డ్‌లు మీకూ వచ్చే ఉంటాయి. నమ్మొచ్చా? నమ్మొద్దు. సూపర్ కంప్యూటర్ ఉన్నా అంత ముందుగా తేదీ చెప్పడం కుదరదు.

గాలి, నీరు ఎలా కదులుతాయో చెప్పే నేవియర్-స్టోక్స్ సమీకరణాలు 19వ శతాబ్దం నుంచే ఉన్నాయి. వాతావరణ మోడల్స్‌కు పునాది ఇవే. చిక్కల్లా ఆ లెక్కను ఎక్కువ రోజులు ముందుకు నడిపితేనే!

1961లో అమెరికాలోని ఎంఐటీలో ఎడ్వర్డ్ లోరెంజ్ అనే శాస్త్రవేత్త, కంప్యూటర్‌లో వేసిన వాతావరణ లెక్కను మధ్యలోంచి మళ్లీ మొదలుపెట్టారు. మెషీన్‌లో ఉన్న అంకె 0.506127. ఆయన కొట్టింది 0.506. అంతే తేడా. కాఫీ తాగొచ్చి చూస్తే.. మొదట్లో పాత లెక్కలాగే సాగి, తర్వాత పూర్తిగా వేరే వాతావరణం చూపిస్తోంది!

మన కొలతలు ఎంత పక్కాగా ఉన్నా కొంత తేడా తప్పదు. అది రోజురోజుకీ పెరుగుతూ పోతుంది. అందుకే సుమారు రెండు వారాలు దాటాక ఏ రోజు ఏం జరుగుతుందో చెప్పడం దాదాపు అసాధ్యం.

మరి సీజన్ అంచనాలు ఎలా ఇస్తున్నారు? ఇక్కడే అసలు ట్విస్ట్. 1963లో లోరెంజ్ బాగా సింపుల్ చేసిన మూడు సమీకరణాలు తీసుకున్నారు. ఎక్కడ మొదలుపెట్టినా, చివరికి లెక్క సీతాకోకచిలుక రెక్కల్లాంటి ఒకే ఆకారంలో తిరుగుతోంది. ఎప్పుడు ఏ రెక్క మీద ఉంటుందో చెప్పలేం, కానీ హద్దు మాత్రం దాటదు. అసలు వాతావరణంలోనూ రోజువారీ లెక్క తప్పినా సగటు నిలుస్తుంది. పైగా సముద్రం వేడి నెమ్మదిగా మారుతుంది కాబట్టి, ఆ సగటు ఎటు మొగ్గుతుందో కొంత ముందే తెలుస్తుంది. ఏప్రిల్‌లో ఐఎండీ ఇచ్చే రుతుపవనాల అంచనాలో "సగటులో ఇంత శాతం" అనే ఉంటుంది, ఫలానా రోజు వాన అని ఉండదు.