రాయితీ ఏ రూపంలో అందాలి? – చిన్న ఋణాల కథ

మనలో గృహనిర్మాణ ఋణంపై వడ్డీ రాయితీ పొందినవారు తక్కువేమీ కాదు. ఉద్యోగికి నెలనెలా జీతం వస్తుంది. వాయిదా అందులోనే మినహాయింపబడుతుంది. కాబట్టి రాయితీ ఇచ్చినా బాకీ తీరుతుంది. జీతం గాని, హామీ పెట్టడానికి ఆస్తి గాని లేని పేద మహిళకు రాయితీ ఏ రూపంలో అందాలి? ఈ ప్రశ్నకు మన దేశంలో కాలానుగుణంగా వేర్వేరు సమాధానాలు లభించాయి.

మొదటిది సమగ్ర గ్రామీణాభివృద్ధి పథకం. 1980 అక్టోబరు 2 నుండి ఇది దేశమంతటా అమలయింది. గేదె ధరలో చిన్న రైతుకు 25 శాతం, సన్నకారు రైతుకు, కూలీకి మూడవ వంతు, గిరిజనులకు సగం సబ్సిడీ. మిగిలినది బ్యాంకు ఋణం. ఫలితంగా సబ్సిడీ కోసమే ఋణం తీసుకొనే ధోరణి ప్రబలింది. అధికారుల దృష్టి లక్ష్యాల సంఖ్యపై నిలిచింది, వసూళ్లు కుంటుపడ్డాయి. 1999లో ఈ పథకం వేరొక పథకంలో విలీనమయింది.

ఆంధ్రప్రదేశ్ వేరొక మార్గం చూపింది. 1992లో నాబార్డు ప్రారంభించిన విధానం ప్రకారం ముందు పొదుపు, ఆ తరువాతే సంఘానికి ఋణం. 2004లో వచ్చిన పావలా వడ్డీ పథకంలో ఏడాదికి 3 శాతానికి మించిన వడ్డీని ప్రభుత్వమే భరించింది. అయితే సకాలంలో చెల్లించిన సంఘాలకు మాత్రమే. ఇక్కడ రాయితీ క్రమశిక్షణకు బహుమానమయింది.

సదాశయం సైతం దారి తప్పవచ్చు. ప్రాధాన్యతా రంగానికి ఋణాలివ్వాలన్న నిబంధన మేరకు బ్యాంకులు సూక్ష్మఋణ సంస్థలకు విరివిగా నిధులిచ్చాయి. ఆ సంస్థలు పోటీపడి ఒకే ఇల్లాలికి అప్పు మీద అప్పు ఇచ్చాయి. తత్ఫలితంగా తలెత్తిన సంక్షోభం 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు జారీచేసే వరకు వెళ్లింది.

మన కోల్‌కతా సమీపంలో 2001లో స్వచ్ఛంద సంస్థగా పుట్టి, 2015 ఆగస్టులో బ్యాంకుగా మారిన బంధన్ అనుభవం గమనించదగినది. పదివేల అప్పుకైనా, లక్ష అప్పుకైనా సిబ్బంది శ్రమ దాదాపు ఒక్కటే. అందుకే చిన్న అప్పుకు వడ్డీ అధికం. బంధన్ తన తొలి దశలో 20 శాతానికి మించిన వడ్డీనే వసూలు చేసింది. అయితే అత్యంత నిరుపేదలకు ఆ అప్పు సైతం భారమేనని గ్రహించి, ముర్షిదాబాద్ జిల్లాలో వారికి ఋణం బదులు ఆవునో మేకలనో ఉచితంగా ఇచ్చింది. కొన్ని వారాల భత్యం, సుమారు 18 నెలల శిక్షణ జోడించింది. కోల్‌కతాలో చదువుకొన్న నోబెల్ గ్రహీత అభిజిత్ బెనర్జీ బృందం పరిశీలించగా, పదేళ్ల తరువాత కూడా ఆ కుటుంబాల ఆదాయం మెరుగుగానే ఉంది.

దీనినిబట్టి ఒక విషయం స్పష్టమవుతుంది. పునాది లేనిచోట స్తంభం నిలపలేము. నిరుపేదకు పునాది వేయడానికి ఉచిత సహాయం, నిలదొక్కుకొన్నవారికి ఋణం, సకాలంలో తీర్చినవారికి వడ్డీ రాయితీ – ఇది సక్రమమైన వరుస. రాయితీని అప్పుకు ఎరగా చేస్తే రెండూ చెడతాయి.

2022 ఏప్రిల్ నుండి రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం సూక్ష్మఋణం తీసుకొనే కుటుంబం చెల్లించవలసిన మొత్తం వాయిదాలు నెలసరి ఆదాయంలో సగానికి మించరాదు. మన ఇండ్లలో పనిచేసే సోదరీమణులు మరో అప్పుకు సిద్ధపడినప్పుడు ఈ లెక్క వారికి వివరించి చెప్పడం మనందరం చేయగల సహాయం.