చిన్న పడవకు కావలసిన సామాను

మన ముత్యంపేటకు సముద్రం చాలా దూరం. కానీ నీళ్ళు దూరం కాదు. ఉత్తరాన గోదావరి ఉంది, ఊరూరా చెరువులున్నాయి, వాటిలో మన మత్స్యకారుల తెప్పలున్నాయి. తెరచాప పడవ మాత్రం మనలో చాలామందికి బొమ్మల్లోనే తెలుసు. మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాళ్ళం మేమే. మాకు ముందుగా చెప్పేవాళ్ళు లేని సంగతులను తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాం.

హైదరాబాద్ హుస్సేన్‌సాగర్‌లో ఏటా తెరచాప పడవల పోటీలు జరుగుతాయి. 2009లో ప్రారంభమైన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ అక్కడ పేదింటి పిల్లలకు శిక్షణ ఇస్తోంది. సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు కూడా ఈ ఆట నేర్చుకొని జాతీయ పోటీల్లో పాల్గొన్నారు. కాబట్టి ఇది పెద్దింటి వాళ్ళ ఆట అనుకోనక్కర లేదు.

పిల్లలు మొదట నేర్చుకునే పడవ పేరు ఆప్టిమిస్ట్. 1947లో అమెరికాలో క్లార్క్ మిల్స్ దీన్ని రూపొందించారు. పొడవు ఏడున్నర అడుగులకు కాస్త ఎక్కువ, బరువు సుమారు 35 కిలోలు. 15 ఏళ్ళ లోపు పిల్లలు ఒక్కరే నడుపుతారు. దీని తెరచాప పాలిస్టర్ బట్ట. సిరిసిల్ల సాంచెల మీద కూడా పాలిస్టర్ నేస్తారు. అయితే తెరచాప బట్టను గాలి దూరకుండా మరింత బిగువుగా నేసి, పైన పూత పూస్తారు.

ఇక సామాను సంగతి.

లైఫ్ జాకెట్: అన్నింటికన్నా ముందుండాల్సింది ఇదే. ఇందులో రెండు రకాలు. ఒకటి మనిషిని తేల్చుతుంది, అంతే. రెండోది స్పృహ తప్పినా ముఖం పైకి ఉండేలా తిప్పుతుంది. కొనేటప్పుడు మన బరువుకు సరిపోతుందో లేదో చూడాలి. వదులైతే జాకెట్ పైకి జారిపోతుంది, మనిషి కిందికి పోతాడు.

ఈల: జాకెట్‌కు కట్టి ఉంచాలి. అలసిన గొంతు అరుపు కన్నా ఈల దూరం వినిపిస్తుంది.

నీళ్ళు తోడే డబ్బా: పెద్ద ఖర్చేమీ లేదు. నూనె డబ్బాను ఏటవాలుగా కోస్తే చాలు. కానీ పడవకు తాడుతో కట్టాలి. లేకుంటే పడవ తిరగబడగానే డబ్బా కొట్టుకుపోతుంది.

గాలి సంచులు: ఆప్టిమిస్ట్‌లో మూడు ఉంటాయి. పడవ నిండా నీళ్ళు వచ్చినా మునగనివ్వవు. అందుకే పడవ బోల్తా పడితే దాన్ని వదిలి ఒడ్డుకు ఈదవద్దని, పట్టుకునే ఉండాలని నేర్పుతారు.

తాడు, తెడ్డు: గాలి ఆగిపోతే తెడ్డు కావాలి, వేరే పడవ లాక్కుపోవాలంటే నీటి మీద తేలే తాడు కావాలి.

సముద్రంలో తిరిగే పడవలకు దిక్సూచి, జీపీఎస్, మనిషిని పడవకు కట్టి ఉంచే బెల్టు కూడా తప్పనిసరి. 2017 సెప్టెంబర్ 10న గోవాలో బయలుదేరి, 2018 మే 21న తిరిగి వచ్చిన నౌకాదళ పడవ తారిణిలో ఆరుగురు మహిళలు 254 రోజుల్లో భూగోళాన్ని చుట్టి వచ్చారు. వారిలో విశాఖపట్నం స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య మన తెలుగువారే.

"ఈత వస్తే జాకెట్ ఎందుకు?" అని కొందరంటారు. తెరచాప కింది కర్ర తలకు తగిలితే ఈత గుర్తుండదు. వరద నీటిలో ఎంత ఈతగాడికైనా చేతులు అలసిపోతాయి. 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటక పడవ మునిగి 50 మంది దాకా చనిపోయారు. జాకెట్ పడవలో ఉంటే చాలదు, ఒంటి మీద ఉండాలి.

సెలవుల్లో గోదావరికి పోయే తమ్ముళ్ళూ, తెప్ప ఎక్కేముందు ఈ మాట గుర్తుపెట్టుకోండి. మీలో ఒకరు రేపు హుస్సేన్‌సాగర్‌లో తెరచాప ఎత్తితే మా అందరికీ గర్వకారణం.