పల్లవి చివర్లో వచ్చిన పాట

పుదుచ్చేరి అరవిందాశ్రమానికి 1944లో చిన్నవయసులోనే వచ్చి, ఇరవై ఏళ్లు అక్కడే సాధనలో గడిపిన శ్రీ చిన్మయ్ 1964లో న్యూయార్క్ చేరారు. అక్కడ ఆయనకు శిష్యుడైన గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్‌కు గురువు పెట్టిన పేరు మహావిష్ణు. 1971లో పుట్టిన ఆయన బృందం మహావిష్ణు ఆర్కెస్ట్రాది ఆ పేరే. మన పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్ తర్వాతి కాలంలో 'రిమెంబర్ శక్తి'లో వాయించింది ఈ మెక్‌లాఫ్లిన్ పక్కనే. మెక్‌లాఫ్లిన్ వెంట గిటారిస్టు కార్లోస్ సంటానా కూడా చిన్మయ్ శిష్యుడయ్యారు. అప్పటికే, 1972 నాటి 'కారవాన్‌సరాయ్' ఆల్బంతో, సంటానా బృందం హిట్ పాటలు వదిలి సుదీర్ఘ వాద్యసంగీతం వైపు మళ్లింది. ఆ దశలో బయటికొచ్చిన గ్రెగ్ రోలీ, నీల్ షాన్‌లు 1973లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కట్టుకున్న బృందం 'జర్నీ'.

తమాషా ఏమిటంటే, జర్నీ కూడా మొదట అలాంటి సంగీతమే వాయించింది. పాటను సాగదీసి, మధ్యలో నడక మార్చి, జాజ్ పోకడలు కలిపే ఈ ధోరణిని ప్రోగ్రెసివ్ రాక్ అంటారు. మన కచేరీలో కీర్తన కన్నా స్వరకల్పనకే ఎక్కువ చోటిచ్చినట్టు అనుకోవచ్చు. 1975 నాటి తొలి ఆల్బంలో రెండు అంశాలకు అసలు సాహిత్యమే లేదు. మూడు ఆల్బంలు అంతంతమాత్రంగా అమ్ముడయ్యాక, ముందు నిలబడి పాడే గాయకుణ్ణి తెచ్చుకోమని కొలంబియా కంపెనీ పట్టుబట్టింది. 1977లో స్టీవ్ పెర్రీ వచ్చారు. 1978లో 'ఇన్ఫినిటీ' వచ్చింది, అమెరికాలోనే ముప్ఫై లక్షల పైచిలుకు అమ్ముడైంది.

డబ్బు కోసం దిగజారారన్న మాట అప్పటినుంచీ ఉంది. కంపెనీ ఒత్తిడి నిజమే, షాన్ గిటార్‌కు మునుపున్న జాగా కుదించుకుపోయిందీ నిజమే, ఆ నష్టాన్ని నేను తక్కువ చేయను. కానీ ఒత్తిడి ఎందుకు మారారో చెబుతుంది, ఏం తయారు చేశారో చెప్పదు. దానికి పాటే వినాలి. 1981లో అమెరికా ఆల్బంల జాబితాలో మొదటి స్థానానికెక్కిన 'ఎస్కేప్'లో 'డోంట్ స్టాప్ బిలీవిన్' ఉంది. మన పాటకు పల్లవి ముందుంటుంది, రాక్ పాటలోనూ నిమిషం తిరక్కుండా వస్తుంది. నాలుగు నిమిషాల చిల్లర సాగే ఈ పాటలో మాత్రం అది మూడు నిమిషాలు దాటాకే వినిపిస్తుంది. అంతవరకూ పియానో, డ్రమ్స్, గిటార్ ఒకదాని మీద ఒకటి పేరుస్తూ పోతాయి. సంగీతం రానివాళ్లు కూడా విసుగు లేకుండా దానికోసం ఎదురుచూస్తారు. నిర్మాణాన్ని ఇంతగా లొంగదీసుకోవడం ప్రోగ్రెసివ్ చదువు లేకుండా అబ్బే పని కాదని నా నమ్మకం. పైకి కనిపించే కష్టాన్ని లోపలికి తోసేశారు, పారేయలేదు. త్యాగయ్య ఘనరాగ పంచరత్నాలు కట్టిన చేత్తోనే నలుగురూ కూడి పాడుకునే దివ్యనామ కీర్తనలూ కట్టారు. వాటిని తక్కువ రకమని మనం ఎన్నడూ అనుకోలేదు.

త్యాగయ్య మీద ఏ కంపెనీ ఒత్తిడీ లేదు కదా అనవచ్చు. నిజమే, ప్రేరణలు వేరు, నేను పోలుస్తున్నది పనితనాన్నే. ఆ పాటకు డ్రమ్స్ వాయించిన స్టీవ్ స్మిత్ జాజ్ చదువుకుని వచ్చినవారు. హిట్లు కొట్టాక ఆయన చెవి మొద్దుబారలేదు. దశాబ్దాల తర్వాత కూర్చుని కర్ణాటక సంగీతపు కొన్నకోల్ జతులు నేర్చుకుని, గిటార్ ప్రసన్నతో కలిసి 2010లో 'రాగా బాప్ ట్రయో' ఆల్బం చేశారు.