మీకు తెలుసా? దాక్కున్న పంటుకూ పిలుపు అందుతుంది
ఎంఐటీ మీడియా ల్యాబ్ 2007లో విడుదల చేసిన, బ్లాకులు పేర్చి ప్రోగ్రాములు రాసే స్క్రాచ్ భాషలో తెరమీది బొమ్మను స్ప్రైట్ అంటారు. సఖినేటిపల్లి రేవు నుంచి గోదావరి దాటి నరసాపురం వెళ్లే పంటును గీశారనుకుందాం. దాన్ని మాయం చేయడానికి ‘హైడ్’ బ్లాకు, తిరిగి రప్పించడానికి ‘షో’ బ్లాకు. అసలు చిక్కు ఇక్కడే: దాగిన బొమ్మ మీద క్లిక్ పనిచేయదు. అందుకే పంటును రప్పించే బటన్‌ను వేరే స్ప్రైట్‌గా గీయాలి. నొక్కగానే అది ‘బ్రాడ్‌కాస్ట్’తో సందేశం పంపుతుంది. కంటికి కనబడకపోయినా పంటు స్క్రిప్టులు నడుస్తూనే ఉంటాయి కాబట్టి, ఆ సందేశం అందుకుని రేవులో ప్రత్యక్షమవుతుంది. ఎంత చక్కని ఏర్పాటో! ప్రాజెక్టు ఆపినా దాగిన బొమ్మ దాగే ఉంటుంది. అందుకే, మళ్లీ మొదలుపెట్టినప్పుడు అది కనబడాలంటే, ప్రాజెక్టును ప్రారంభించే పచ్చజెండా బ్లాకు కింద ముందుగా ‘షో’ పెట్టాలి.